టీనేజ్ పిల్లలు రాత్రి ఎందుకు పడుకోరు, పొద్దున ఎందుకు లేవరు

రాత్రి పదకొండు దాటినా కళ్ళు మూతపడవు, పొద్దున అలారం ఎన్నిసార్లు మోగినా లేవరు, లేపితే చిరాకు, ఇంకాస్త గట్టిగా అంటే తలుపు ధడాలున వేసేసుకుంటారు. టీనేజ్ పిల్లలున్న ఇళ్ళల్లో రోజూ ఉండే గొడవే ఇది. బద్ధకం అనో పొగరు అనో మనం ఏదో ఒకటి అనేస్తాం గానీ ఇందులో చాలా భాగం వాళ్ళ చేతిలో లేదండీ, అది వాళ్ళ ఒంట్లో జరుగుతున్న మార్పు.

చీకటి పడ్డాక మెదడులో ఉండే పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్ వదులుతుంది, ఇక పడుకునే టైమైందని ఒంటికి తెలిసేది దాంతోనే. యుక్తవయసులోకి వచ్చాక ఈ హార్మోన్ రావడమే చిన్నప్పటికంటే గంట నుంచి రెండు గంటల దాకా లేటవుతుంది. దానికి తోడు, మెలకువగా ఉన్నకొద్దీ నిద్ర ముంచుకురావడం అనేది చిన్నపిల్లల్లో తొందరగా జరుగుతుంది, అందుకే వాళ్ళు అన్నం తింటూ తింటూనే తూలిపోతారు, టీనేజ్‌లో అదే చాలా నెమ్మదిగా జరుగుతుంది. అందుకని తొమ్మిదింటికే లైట్ ఆర్పేసి పడుకోమన్నా అటూ ఇటూ దొర్లుతూ ఉంటారు తప్ప నిద్ర పట్టదు.

అంతా ఫోన్ వల్లే అంటారు చాలామంది. రాత్రిపూట స్క్రీన్ వెలుతురు నిద్రని ఇంకా వెనక్కి నెడుతుంది, నిజమే. కానీ స్మార్ట్‌ఫోన్ల ఊసే లేని 1990ల్లోనే అమెరికాలో నిద్ర మీద పరిశోధనలు చేసే మేరీ కార్స్‌కాడన్, ఆవిడతో పనిచేసిన వాళ్ళు ఈ వయసులో బాడీ క్లాక్ (ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు మెలకువ రావాలో చెప్పే ఒంట్లోని గడియారం) వెనక్కి జరగడాన్ని, అంటే లేటవడాన్ని గుర్తించారు.

ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండున్నరకి నిద్రపట్టి ఆరింటికి లేస్తే ఆరున్నర గంటలే కదా, అంటే రోజుకి తక్కువలో తక్కువ గంటన్నర బాకీ, అయిదు రోజులకి ఏడున్నర గంటలు! సెలవు రోజు మధ్యాహ్నం దాకా పడుకుంటే కొంత తీరుతుంది గానీ క్లాక్ మళ్ళీ వెనక్కి జరిగి మర్నాడు పొద్దున లేవడం ఇంకా కష్టమవుతుంది. నిద్ర చాలకపోతే మెదడులో కోపం, భయం లాంటివి పుట్టించే అమిగ్డాలా అనే భాగం మరీ ఎక్కువ రియాక్ట్ అవుతుంది, దాన్ని అదుపు చేయాల్సిన మెదడు ముందు భాగం, అదే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, మామూలుగానే ఇరవై అయిదేళ్ళ దాకా పూర్తిగా ఎదగదు. చిన్న మాటకే ఏడ్చేయడం, ఎదురు తిరగడం, చదివింది గుర్తుండకపోవడం, వీటన్నిట్లో నిద్రలేమి వాటా ఎంతో ఒక్కసారి ఆలోచించండి.

2016లో అమెరికాలోని సియాటెల్‌ నగరంలో హైస్కూళ్ళు మొదలయ్యే టైమ్‌ని పొద్దున 7:50 నుంచి 8:45కి మార్చారు. పిల్లల చేతికి నిద్రని కొలిచే పరికరాలు కట్టి చూస్తే రోజుకి సగటున 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోతున్నారని తేలింది, దొరికిన టైమంతా మేలుకుని కూర్చోలేదన్నమాట. 2022 నుంచి కాలిఫోర్నియాలో చాలావరకు హైస్కూళ్ళు 8:30 కంటే ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. తెల్లవారకముందే క్లాసులు పెట్టేవాళ్ళు ఇది తప్పకుండా చూడాలని నా కోరిక.

స్కూల్ టైమ్ మన చేతిలో లేకపోయినా పొద్దున లేవగానే కాసేపు ఎండలో ఉంచడం, సాయంత్రం నుంచి కాఫీ, ఎనర్జీ డ్రింకులు మాన్పించడం, సెలవు రోజు కూడా మామూలు టైమ్‌కి గంటా రెండు గంటల్లోపే లేపడం లాంటివి చేయొచ్చు. ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి దిగులుగా ఉండడం, ఫ్రెండ్స్‌ని కూడా వద్దనడం, బతకాలని లేదు లాంటి మాటలు రావడం కనిపిస్తే మాత్రం అది నిద్ర గొడవ కాదు. ఆ చివరి మాట వినబడితే రెండు వారాలు కాదు, రెండు రోజులు కూడా ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.