రెండించుల నీళ్లు పడ్డాయి, మరి బోరెందుకు ఎండింది?

గుంటూరులో మా అపార్ట్‌మెంట్ బోరు వేసిన రోజు కొబ్బరికాయ నిలబడింది, రెండించుల నీళ్లు పడ్డాయి, అందరం స్వీట్లు పంచుకున్నాం. ఏప్రిల్‌కల్లా మోటారు ఇరవై నిమిషాలు ఆడి గాలి కక్కడం మొదలెట్టింది. కంప్రెసర్ గాలికి పైకి తన్నుకొచ్చిన నీళ్లు ఆ పూట సంగతే చెబుతాయి. చుట్టూ ఉన్న రాయిలోంచో ఇసుకలోంచో నీళ్లు ఎంత తేలిగ్గా బోరుకి చేరతాయి, కింద నిల్వ ఎంతుంది అన్నవి తెలియాలంటే పంపింగ్ టెస్ట్, అంటే ఒకే వేగంతో నీళ్లు తోడుతూ మట్టం ఎలా దిగుతుందో కొలిచే పరీక్ష, చెయ్యాల్సిందే.

దీని కథ పాతదే. బెజవాడలో కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయితే, ఆ మరుసటేడే ఫ్రాన్స్‌లో డార్సీ అనే ఇంజనీరు ఇసుక నింపిన గొట్టంలోంచి నీళ్లు పంపి, మట్టాల తేడా ఎంత పెరిగితే ప్రవాహం అంత పెరుగుతుందని తేల్చాడు. గొట్టంలో సరే, భూమిలో ఎలా? ఒక బావిలో ఒకే వేగంతో తోడుతూ పక్క బావుల్లో మట్టం ఎంత దిగిందో చూడమన్నాడు జర్మనీకి చెందిన టీమ్, 1906లో. చిక్కేంటంటే మట్టాలు నిలకడకొచ్చేదాకా మోటారు ఆపకూడదు, అది ఒక్కోసారి రోజులు పడుతుంది.

1935లో అమెరికా భూగర్భ సర్వేలో పనిచేసే థీస్‌ ఆ చిక్కు విప్పాడు. భూమిలోంచి నీళ్లు లాగడం, వస్తువులోంచి వేడి లాగడం లెక్కకి ఒకటేనని పట్టుకుని, లూబిన్ అనే గణితజ్ఞుడి సాయంతో సూత్రం రాశాడు. నిలకడ కోసం ఎదురుచూడక్కర్లేదు, మట్టం దిగుతున్న తీరులోంచే నిల్వ కూడా తెలుస్తుంది. 1946లో కూపర్, జాకబ్ దాన్ని ఇంకా తేలిక చేశారు: పదో నిమిషం నుంచి వందో నిమిషం దాకా మట్టం ఎంత దిగిందో గ్రాఫ్ మీద గీత గీస్తే చాలు. తక్కువ దిగితే నీళ్లు తేలిగ్గా వస్తున్నట్టు.

అయితే ఇవన్నీ ఇసుక పొర నాలుగు దిక్కులా ఒకే తీరుగా పరుచుకుందని అనుకుని రాసిన లెక్కలు. తెనాలి, రేపల్లె వైపు ఒండ్రు నేలలో చాలావరకు నడుస్తాయి గానీ, రాతి పగుళ్లలోంచి నీళ్లొచ్చే మెట్ట ప్రాంతంలో గుడ్డిగా వాడితే మోసపోతాం. పెద్ద వ్యాసం బావుల్లోనైతే మొదట వచ్చేవి బావిలో నిలిచిన నీళ్లే, వాటిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి 1967లో గానీ రాలేదు.

మోటారు ఆపాక మట్టం తిరిగి లేచే తీరు కూడా పరీక్షే, మనవాళ్లు మాత్రం రాసుకోరు. మా బోర్లో ఈసారి టేపు దించి చూశాం, నలభై నిమిషాలకి సగం కూడా లేవలేదు, అంటే బోరుకి నీళ్లు తేలిగ్గా చేరడం లేదన్నమాట.