వంటగట్టుకి రాయి కొనే ముందు ఒక నిమ్మచెక్కతో పరీక్షించి చూడండి

వంటగట్టు మీద పరిపించడానికి రాయి చూద్దామని వెళ్తే షాపులో ముందుగా వినపడే మాట, 'ఇది చాలా గట్టిదండీ, గీత కూడా పడదు' అని. అబద్ధమేమీ కాదు. కాకపోతే చాలా ఇళ్లలో గట్టు పాడయ్యేది గీతల వల్ల కాదు, పులుపు వల్ల, నూనె వల్ల, వేడి గిన్నె వల్ల, సందుల్లోకి దిగే నీళ్ల వల్ల. వీటిలో దేనికీ గట్టిదనంతో పెద్దగా సంబంధం లేదు.

ఆ గట్టిదనం సంగతి ముందే తేల్చేద్దాం. ఏ ఖనిజం దేన్ని గీయగలదో చూసి 1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1 నుంచి 10 దాకా ఒక వరస పెట్టాడు. పాలరాయిలోని కాల్సైట్‌కి అందులో 3, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌కి 6, క్వార్ట్జ్‌కి 7. కత్తి స్టీలు సుమారు ఐదున్నర దగ్గర ఉంటుంది. అంటే పాలరాయి మీద తరిగితే రాయికి గీత పడుతుంది, గ్రానైట్ మీద తరిగితే కత్తికే పదును పోతుంది. ఎటు చూసినా చాపింగ్ బోర్డు తప్పదు, మరి ఈ ఒక్క అంకె చూసుకుని మురిసిపోవడం దేనికి?

అసలు తేడా తెలిసేది పులుపు దగ్గర. పాలరాయి చాలావరకు కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే అది కరుగుతుంది. నున్నగా పాలిష్ పెట్టిన పాలరాయి ముక్క మీద ఒక నిమ్మచెక్కని బోర్లించి, పావుగంట ఆగి, తీసేసి శుభ్రంగా తుడవండి. పైనుంచి చూస్తే ఏమీ కనపడకపోవచ్చు. తల కిందికి దించి, కిటికీ వెలుతురు రాయి మీద జారేలా ఏటవాలుగా చూస్తే అప్పుడు తెలుస్తుంది: నిమ్మచెక్క ఆనిన మేర గుండ్రంగా మెరుపు పోయి, మసకబారి ఉంటుంది, వేలితో రాస్తే కాస్త గరుకుగా కూడా తగలొచ్చు. ఎంత తోమినా అది పోదు, ఎందుకంటే అక్కడ అంటుకున్నది ఏమీ లేదు, పోయింది రాయే. దీన్ని మరక అనుకుని సీలర్ కొట్టించేవాళ్లు చాలామంది ఉంటారు, అది డబ్బు దండగ. సీలర్ చేసేది రాతిలోని సన్నటి రంధ్రాల్లోకి నూనె, రంగు ఇంకకుండా అడ్డుకోవడం. పైన ఉన్న కాల్సైట్‌ని ఆమ్లం నుంచి అది కాపాడలేదు, మళ్లీ పాలిష్ పట్టించడం తప్ప దారి లేదు.

గ్రానైట్‌లో ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, మైకా. నిమ్మరసం వీటిని ఏమీ చేయలేదు. కానీ గ్రానైట్‌కీ రంధ్రాలుంటాయి, లేతరంగు రకాల్లో నూనె ఇంకితే నల్లటి మచ్చలా తేలుతుంది. నాలుగు చుక్కల నీళ్లు వేసి కాసేపటికి ఆ చోటు రంగు మారిందంటే దానికి సీలర్ అవసరం. నల్ల గ్రానైట్ అని అమ్మేది భూవిజ్ఞానం లెక్కలో చాలాసార్లు గ్రానైట్ కాదు, గాబ్రో లేదా డోలరైట్. దాంతో వచ్చే నష్టం లేదు, అవి సాధారణంగా ఇంకా తక్కువే పీలుస్తాయి. నష్టం ఎక్కడంటే, క్వార్ట్జైట్ (దాదాపు అంతా క్వార్ట్జే ఉండే సహజమైన రాయి) అని చెప్పి తెల్లటి పాలరాయినో, దానిలాగే మెత్తనైన డోలమైట్‌నో అంటగట్టినప్పుడు. పేర్లు పెట్టడంలో రాళ్ల షాపులవాళ్లది పెద్ద చెయ్యి, అందుకే పేరు నమ్మకుండా ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకుని నిమ్మరసం, నూనె వేసి రాత్రంతా ఉంచండి. కత్తి మొనతో ఒక గీత కూడా గీసి చూడండి, నిజంగా క్వార్ట్జైట్ అయితే గీత పడదు.

ఇక 'క్వార్ట్జ్' అని పిలిచే తయారీ రాయి. దీన్ని సాధారణంగా బరువులో 90 శాతం పైన క్వార్ట్జ్ పొడి, మిగతాది పాలిస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు కలిపి అచ్చుపోస్తారు. పది శాతమే కదా అనిపిస్తుంది కానీ రెజిన్ రాయికన్నా చాలా తేలిక, కాబట్టి అది ఆక్రమించే చోటు చూస్తే ఐదో వంతు దాకా తేలుతుంది. ఆ జిగురే రంధ్రాలు లేకుండా మూసేస్తుంది, అందుకే దీనికి సీలర్ అక్కర్లేదు. మళ్లీ ఆ జిగురే వేడికి ఓడిపోతుంది. 150 డిగ్రీల సెల్సియస్ దాటాక అది రంగు మారడం మొదలవుతుంది, పొయ్యి మీంచి దించిన పెనం 200 డిగ్రీలు దాటి ఉండటం మామూలే. ఆ మచ్చ శాశ్వతం. ఎండ నేరుగా పడే చోట కూడా పసుపు తిరుగుతుంది. దించిన గిన్నె దించినట్టే గట్టు మీద పెట్టే అలవాటుంటే నేనైతే దీని జోలికి వెళ్లను. గ్రానైట్ గానీ, 1200 డిగ్రీల దగ్గర కాల్చి చేసే సింటర్డ్ పలకలు గానీ మేలు. ఈ పలకల్లో రెజిన్ ఉండదు, ఆమ్లమూ ఏమీ చేయదు, కాకపోతే బరువైన గిన్నె తగిలితే అంచు పెచ్చు ఊడుతుంది.

స్టీలు వేడికీ పులుపుకీ చెక్కుచెదరదు, గీతలు మాత్రం మొదటి వారం నుంచే. పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర గీత పడినా తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది, బ్లీచ్ మాత్రం దానికి పడదు. పార్టికల్ బోర్డు మీద పలుచటి పొర అంటించి చేసే లామినేట్‌ని చంపేది నీళ్లే. పైపొర బాగానే ఉంటుంది, సింక్ పక్కన అతుకులోంచి తడి దిగి లోపలి పార్టికల్ బోర్డు ఉబ్బిపోతుంది.

కొలతలు తీసుకునేటప్పుడు మరో విషయం. ఈ రాళ్లని పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి సిలికోసిస్ తెస్తుంది. క్వార్ట్జ్ అంటే సిలికానే, తయారీ క్వార్ట్జ్‌లో అది మరీ ఎక్కువ కాబట్టి, పనివాళ్లు జబ్బుపడటం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ తయారీ రాయిని నిషేధించింది. బిగించేసిన గట్టు వల్ల ఇంట్లోవాళ్లకి భయం లేదు, ప్రమాదమంతా కోసేవాళ్లకి. అందుకని సింక్, స్టవ్ మోడళ్లు ముందే ఖాయం చేసుకుని, ఆ రంధ్రాలన్నీ వర్క్‌షాప్‌లోనే నీళ్లు పోస్తూ కోయించండి. బిగించే రోజున ఇంట్లో గ్రైండర్ పెట్టి పొడిగా కోస్తామంటే ఒప్పుకోకండి.