పీహెచ్‌డీకి జర్మన్ పరీక్ష ఎందుకొచ్చింది, ఎట్లా పోయింది

అమెరికాకు మ్యాథ్స్ పీహెచ్‌డీకి పోయిన మన నల్లగొండ, పాలమూరు పిల్లలకు కొన్ని డిపార్ట్‌మెంట్లలో ఇప్పటికీ ఫ్రెంచో జర్మనో పరీక్ష ఎదురవుతోంది. దాంతో టెక్నికల్ సబ్జెక్టుకు ఇంకో భాష దేనికన్న గొడవ మళ్లీ మొదలైంది. అమెరికా వాళ్లు పీహెచ్‌డీ పెట్టుకున్నదే జర్మనీని చూసి, ఆ భాష పరీక్ష కథలో అసలు మలుపు 1960ల నుంచి వచ్చింది.

అంతకుముందు ఆ పరీక్షకు గట్టి కారణమే ఉండేది. ఫలానా సమ్మేళనాన్ని ఇదివరకు ఎవరైనా తయారుచేశారా, ఎంత వేడికి కరుగుతుంది అని చూసుకోవాలంటే కెమిస్ట్రీ వాళ్లు బైల్‌స్టీన్ అనే రిఫరెన్స్ గ్రంథం తిరగేయాల్సిందే, 1881లో మొదలైన ఆ లావుపాటి సంపుటాలేమో జర్మన్‌లో ఉండేవి. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక రష్యన్‌కూ గిరాకీ వచ్చింది, కానీ రష్యన్ జర్నళ్లను మొత్తానికి మొత్తం ఇంగ్లీషులోకి దించే పని కూడా జోరుగా సాగింది. జర్మన్ల సొంత జర్నల్ 'అంగెవాంటె కెమీ' 1962లో ఇంగ్లీషు ఎడిషన్ తెచ్చింది. చివరికి బైల్‌స్టీనే 1984 నుంచి కొత్త వరుస సంపుటాలను ఇంగ్లీషులో వేసింది. ఈలోపు చాలా యూనివర్సిటీలు పరీక్ష ఎత్తేశాయి, కొన్నయితే ఫోర్ట్రాన్ లాంటి కంప్యూటర్ భాష వచ్చినా సరేనన్నాయి. ఆ మాట అన్నరోజే ఆ నిబంధన పని అయిపోయిందని నా అభిప్రాయం.

పరీక్ష ఉంచాలనేవాళ్లు గణిత శాస్త్రవేత్త గ్రోతెండీక్ రచనలు చాలావరకు ఫ్రెంచ్‌లోనే ఉన్నాయంటారు, అది నిజమే. ఆ దారిలో పనిచేసేవాళ్లు నేర్చుకుంటారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒకటి రెండు పేజీలు అనువదించే పరీక్ష అందరికీ పెడితే ఎవరికి లాభం?

మన దగ్గర సంగతి వేరు. తెలంగాణలోని అన్ని సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం 2022-23లో మొదలైంది, అంటే ఇప్పుడు మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేస్తున్నవాళ్లలో సర్కారు బడి నుంచి వచ్చినోళ్లు చాలామంది పదో తరగతి దాకా తెలుగులోనే చదివారు. వాళ్లకు పరాయి భాష ఇంగ్లీషే. దేవరకొండ నుంచి వచ్చిన స్కాలర్‌కు సబ్జెక్టు వచ్చు, ల్యాబ్ పనీ వచ్చు, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) రాసి పంపమని గైడ్ అంటేనే టెన్షన్. 2022 యూజీసీ నిబంధనల్లో కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్ ఉంది, తమ సబ్జెక్టుకు సంబంధించిన రాతలో శిక్షణ కూడా ఉంది. రాసిన ప్రతి పేరా దగ్గర కూర్చుని దిద్దే మనిషిని పెట్టి ఆ శిక్షణ నడపమని మన యూనివర్సిటీలను అడగాలి.