బెత్తెడు లోపలికి దిగిన స్టీరింగ్

ఒక పాఠకుడు ఈమధ్య నాకు ఉత్తరం రాశారు. ఆయన బావమరిది కారు రోడ్డు పక్కన చింతచెట్టును ఢీకొట్టింది. ముందు భాగం నుజ్జయింది. మనిషికి మాత్రం రెండు పక్కటెముకలు చిట్లాయి, అంతే. ఇంట్లో పెద్దవాళ్లు "ఆయువు గట్టిది" అన్నారు. షెడ్డులో మెకానిక్ కారు విప్పి స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్ చక్రాన్ని మోసే కడ్డీ, చేతిలో పెట్టి, "చూడండి సార్, బెత్తెడు లోపలికి దిగిపోయింది. ఇనుప రాడ్డు ఇలా ముడుచుకుంటుందా? రేకు డబ్బా సరుకు" అన్నాడట. కంపెనీ మీద ఫిర్యాదు చేయవచ్చా అన్నది ఆయన ప్రశ్న.

అయ్యా, ఫిర్యాదు చేయకండి. దిగాలనే దాన్ని అలా తయారు చేశారు. మీ బావమరిది రొమ్ము మీద పడాల్సిన దెబ్బలో కొంత ఆ బెత్తెడు తీసుకుంది.

స్టీరింగ్ తిప్పితే చక్రాలు ఎలా తిరుగుతాయో ఇక్కడ చెప్పను, అది ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. 1960ల నడుమ దాకా చాలా కార్లలో కాలమ్ అంటే ఒకే పొడవాటి ఉక్కు కడ్డీ. ఒక కొస ముందు చక్రాల దగ్గర గేరు పెట్టెలో ఉండేది, రెండో కొస డ్రైవరు రొమ్ముకు ఎదురుగా ఉండేది. కారు ముక్కు నలిగితే ఆ కడ్డీ వెనక్కి తోసుకొచ్చేది. అదే క్షణంలో డ్రైవరు ముందుకు దూసుకెళ్లేవాడు. బల్లెం ఎదురుగా పరిగెత్తినట్టే. కారు చెట్టుకు తగలడం మొదటి గుద్దు, మనిషి స్టీరింగుకు తగలడం రెండో గుద్దు. ఎక్కువగా ప్రాణం తీసేది రెండోదే.

మెర్సిడెస్ కంపెనీలో పనిచేసిన బేలా బరేన్యి అనే ఇంజనీరు, కారు ముందు భాగం నలగాలి, మనిషి కూర్చునే గది నలగకూడదు అని 1950ల మొదట్లోనే పేటెంటు తీసుకున్నాడు. ముడుచుకునే స్టీరింగ్ మీద కూడా ఆయన పనిచేశాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడల్ కార్లన్నిటిలో ముడుచుకునే కాలమ్ పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అక్కడ అది చట్టమైంది.

ఇక్కడున్న చిక్కు ఇది. రోజూ మలుపులు తిప్పేటప్పుడు కాలమ్ అస్సలు లొంగకూడదు. గుద్దుకున్న రోజు మాత్రం లొంగిపోవాలి. రెండూ ఒకే కడ్డీ ఎలా చేస్తుంది? మెలిపెట్టడానికి గట్టిగా, పొడవునా తోయడానికి మెత్తగా ఉంటే చేస్తుంది. కడ్డీని రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని ఇంకోదాంట్లోకి మడత గొడుగు కాడలా దూరుస్తారు. దూర్చే భాగాలు గుండ్రంగా ఉండవు, రెండు పక్కలా చదునుగా ఉంటాయి. అందుకే ఒకటి తిరిగితే రెండోది తిరిగి తీరాలి. కానీ పొడవునా తోస్తే జారుతుంది. మామూలు రోజుల్లో జారకుండా రంధ్రాల్లో ప్లాస్టిక్ కరిగించి పోసి చిన్న చీలల్లా బిగిస్తారు. గట్టి దెబ్బ తగిలితే ఆ చీలలు పుటుక్కున తెగిపోతాయి.

అయితే జారితే చాలదు. ఏ అడ్డూ లేకుండా జారిపోతే డ్రైవరు అదే వేగంతో డాష్‌బోర్డును గుద్దుకుంటాడు. జారుతున్నంత సేపూ ఎదురు నిలవాలి, కానీ ఎముకలు విరిచేంతగా కాదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

చిన్నప్పుడు మా తాత అరక దున్నుతుంటే వెనకాలే నడిచేవాణ్ణి. పదును మీదున్న నేలలో కర్రు దిగాక నాగటి చాలు మొదట్లో ఎద్దులు ఎంత బలంతో లాగుతాయో, చాలు చివర కూడా దాదాపు అంతే బలంతో లాగుతాయి. నేల ఒకే తీరున ఎదురు నిలుస్తుంది. ఎద్దులు ఆగితే నాగలి వెనక్కి ఎగిరిరాదు, పెట్టిన శక్తి అంతా పెళ్లగిలిన మట్టిలోకి పోయినట్టే. ఇప్పుడు నాగలి తీసేసి ఎద్దులను పెద్ద రబ్బరు పట్టీకి కట్టామనుకోండి. మొదట్లో సులువుగా నడుస్తాయి, పోనుపోను లాగలేవు, కాడి విప్పితే పట్టీ వెనక్కి కొడుతుంది.

"కాలమ్‌లో స్ప్రింగు పెడితే సరిపోదా సార్?" అని నా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. స్ప్రింగు రబ్బరు పట్టీ లాంటిది. దెబ్బను దాచుకుని తిరిగి రొమ్ము మీదే కొడుతుంది. పైగా మొదట మెత్తగా, చివర గట్టిగా ఉంటుంది కాబట్టి మొదటి సగం దూరంలో పావు వంతు పనే అవుతుంది. నాగలి మొదటి అంగుళం నుంచే పూర్తి పని చేస్తుంది.

లెక్క చూడండి. ఆ అమెరికా చట్టం అడిగే పరీక్షలో మనిషి మొండెం ఆకారంలో సుమారు 35 కిలోల దిమ్మను గంటకు 24 కిలోమీటర్ల వేగంతో స్టీరింగు మీదికి విసురుతారు. అంటే సెకనుకు 6.7 మీటర్లు. ఏడున్నర అడుగుల అటక మీద నుంచి మూట కింద పడితే వచ్చే వేగం అది. దిమ్మలో ఉన్న శక్తి సుమారు 780 జౌళ్లు. ఏవో రెప్పపాటు క్షణాలు తప్ప, దాని మీద బలం 11,110 న్యూటన్లు దాటకూడదు, అంటే 1,130 కిలోల బరువు మోపినంత. శక్తిని బలంతో భాగిస్తే దూరం వస్తుంది: 7 సెంటీమీటర్లు. బెత్తెడు! హద్దు దాకా వెళ్లకుండా 5,000 న్యూటన్ల దగ్గర ఆపాలంటే 15.6 సెంటీమీటర్లు కావాలి. అదే 5,000 దాటకుండా స్ప్రింగుతో ఆపాలంటే దానికి రెట్టింపు, 31 సెంటీమీటర్లు. డ్రైవరు ముందు అంత చోటెక్కడిది? పని అంటే బలం గుణించు దూరం అని పిల్లల చేత వల్లె వేయిస్తాం. ఆ గుణకారం ఒక మనిషి పక్కటెముకల కోసం జరుగుతుందని చెప్పం. అది నాకు బాధ.

మరి లోహంలో నాగలి ఎలా? 1967 నాటి జనరల్ మోటార్స్ కాలమ్ పై తొడుగు జల్లెడలా కోసిన ఉక్కు గొట్టం. దెబ్బకు కాగితపు లాంతరులా ముడతలు పడేది, దానికి జపాన్ లాంతరు అనే పేరే వచ్చింది. ఆ తర్వాత వచ్చిన గోళీల రకం ఇంకా అందమైనది. ఒక గొట్టంలో ఇంకో గొట్టం, మధ్యలో ప్లాస్టిక్ తొడుగులో కూర్చిన ఉక్కు గోళీలు. రెండు గొట్టాల మధ్య సందు గోళీ వ్యాసం కన్నా వెంట్రుకవాసి తక్కువ. గొట్టాలు ఒకదాంట్లోకి ఒకటి దిగుతుంటే గోళీలు దొర్లుతూ రెండు గోడల మీదా చాళ్లు తీస్తాయి. ఉక్కు శాశ్వతంగా నొక్కుకుపోతుంది, తిరిగి పొంగదు. సందు తగ్గిస్తే ఆ చాళ్లు ఇంకా లోతుగా పడతాయి, ఎదురు పెరుగుతుంది, మా తాత మేడి గట్టిగా నొక్కినట్టు. పై వరస గోళీలు, కింది వరస గోళీలు ఒకే గీత మీద ఉండవు, పక్కకు జరిపి పెడతారు. దున్నిన చాలులోనే మళ్లీ కర్రు నడిపితే ఎదురేముంటుంది?

నాగలికి వేరు తగిలినట్టు కాలమ్‌కూ ఒక ఆపద ఉంది. కాలమ్ ఏటవాలుగా ఉంటుంది, డ్రైవరు మాత్రం నేలకు సమాంతరంగా వచ్చి తగులుతాడు. దెబ్బలో కొంత భాగం గొట్టాన్ని పైకి వంచుతుంది. చెక్క సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే బిగుసుకుపోతుంది చూడండి, అదే జరుగుతుంది. దిగాల్సిన గొట్టం దిగదు. నిజం ప్రమాదాల్లో ఇలా బిగిసిన కాలమ్‌లు చాలానే కనిపించాయి. పై వరస గోళీలకూ కింది వరస గోళీలకూ మధ్య ఎడం ఉంచడానికి ఇదీ ఒక కారణం, ఎడం ఉంటే గొట్టం వంకరపోకుండా నిలుస్తుంది.

ఇదంతా రెండో గుద్దు సంగతి. మొదటి గుద్దులో కడ్డీ వెనక్కి రాకుండా కింది భాగాన్ని వంకరగా, కీళ్లతో కలుపుతారు, ముక్కు నలిగితే అది మడుచుకుంటుంది. డాష్‌బోర్డు కింద కాలమ్‌ను పట్టి ఉంచే బిగింపులు ముందుకు జారనిస్తాయి, వెనక్కి రానివ్వవు. గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దినా స్టీరింగ్ 127 మిల్లీమీటర్లకు మించి డ్రైవరు వైపు రాకూడదు. బెత్తెడు కన్నా ఎక్కువ, జానెడు కన్నా తక్కువ.

అమెరికా రహదారి భద్రతా సంస్థ 1981లో లెక్క తీస్తే, ఎదురుగా గుద్దుకున్న ప్రమాదాల్లో డ్రైవరు చనిపోయే అవకాశం ఈ కాలమ్ వల్ల 12 శాతం తగ్గింది. 1960 నుంచి 2002 దాకా ఆ ఒక్క దేశంలో ఇది సుమారు 53 వేల ప్రాణాలు నిలిపిందని తర్వాత తేల్చారు. ప్రాణాలు నిలిపిన కారు భద్రతా ఏర్పాట్ల జాబితాలో సీటు బెల్టు తర్వాతి స్థానం దీనిదే. ఎయిర్‌బ్యాగ్ గురించి అందరూ మాట్లాడతారు, దీని పేరే ఎవరికీ తెలియదు. ఎయిర్‌బ్యాగ్‌కు కూడా వెనక ఆసరా ఈ కాలమే, బ్యాగు నలిగాక ఇంకొంచెం దూరం ఇచ్చేది ఇదే. కొన్ని కార్లలో చిన్న మందుగుండుతో ఒక చీల లాగేసి, మనిషి బరువును బట్టి ఎదురును తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. మేడి మీద చెయ్యి సడలించినట్టు.

కొత్త కారుకు నిమ్మకాయలు తొక్కిస్తాం, మిరపకాయలు కడతాం. అది ఇంట్లోవాళ్ల మనసుకు ధైర్యం, నేను వద్దనను. కానీ ఆ పూజ అయిన వెంటనే సీటు సర్దుకోండి. స్టీరింగ్ మధ్య నుంచి మీ రొమ్ము ఎముకకు కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, జానెడు మీద కొంచెం. బెల్టు పెట్టుకోకపోతే ఆ దూరానికి అర్థమే లేదు.

ఇక ఉత్తరం రాసిన వారికి. ఆ కాలమ్‌ను సాగదీసి వెల్డింగ్ పెట్టి ఇస్తానని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. వెల్డింగ్ పడిందంటే అది మళ్లీ ఒకే ఉక్కు కడ్డీ. కొత్తది వేయించండి, బిగించేటప్పుడు సుత్తితో కొట్టొద్దని చెప్పండి, లోపలి ప్లాస్టిక్ చీలలు అప్పుడే తెగిపోతాయి. పాతదాన్ని తుక్కు కొట్టుకు వేసే ముందు గొట్టాలు విడదీసి చూడండి. గోళీల రకమైతే లోపల బెత్తెడు పొడవున సన్నటి చాళ్లు కనిపిస్తాయి. వీలైతే దాన్ని నాకు పంపండి, మా పిల్లలకు చూపిస్తాను.