కడుపు నిండినా కండకు అందని తిండి

నగరాల్లో చాలీచాలని ఆదాయంతో బతికే వయసు మళ్లిన పెద్దవాళ్లకు షుగరు ఉందని తేలితే ముందుగా వినిపించే సలహా "తిండి తగ్గించండి" అని. ఒక పూట తిని ఒక పూట మానేసే మనిషికీ ఇదే మాట. ఇది సగం సలహాయే, ఒక్కోసారి చేటు కూడా చేస్తుంది. ఎందుకో తెలియాలంటే ఇన్సులిన్ తయారుచేసే క్లోమాన్ని కాసేపు పక్కన పెట్టి కండరాల సంగతి చూడాలి.

భోజనం చేశాక రక్తంలోకి వచ్చే గ్లూకోజుకు కండరాలే పెద్ద గోదాము. ముప్పై దాటిన దగ్గర్నుంచి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తరుగుతుంది. అరవై దాటాక ఆ తరుగుదల ఇంకా జోరందుకుంటుంది. అమెరికన్ పరిశోధకుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. కండ తగ్గిన ఒంట్లో, ఎప్పుడూ తినే భోజనమే తిన్నా షుగరు ఎక్కువసేపు రక్తంలోనే ఉండిపోతుంది. పోయిన కండ చోట కొవ్వు చేరితే బరువులో తేడా కనిపించదు కాబట్టి, సన్నగా ఉన్నవాళ్లను ఎవరూ అనుమానించరు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నారా, నడక మందగించిందా అన్నది బరువు కంటే ఎక్కువ చెబుతుంది.

కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి. వయసు మీద పడ్డాక అదే ప్రొటీన్‌కు కండరం మునుపటిలా స్పందించదు. కుర్రాళ్లకు ఒక పూటకు కిలో బరువుకు 0.24 గ్రాములు సరిపోతే, పెద్దవాళ్లకు దాదాపు 0.4 గ్రాములు కావాలని పరిశోధనలు సూచిస్తున్నాయి. అంటే 55 కిలోల మనిషికి పూటకు 22 గ్రాములు. గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. గ్లాసు పాలలోనూ ఇంచుమించు అంతే. కప్పుడు ఉడికిన చిక్కుడు గింజల్లో 15 దాకా దొరుకుతుంది. కంచంలో పిండిపదార్థమే ఉంటే కడుపు నిండుతుంది గానీ ఈ లెక్క తేలదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

కంచం అలా ఉండటం తెలియక జరిగేది కాదు. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో ఎక్కువ కేలరీలు వచ్చేది పిండి, చక్కెర, నూనెల్లోనే. పళ్లు ఊడితే గట్టివి నమలలేరు, మెత్తటివే తింటారు. రుచి, వాసన మందగిస్తే తినాలనే అనిపించదు. ఒంటరిగా ఉంటే ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడమూ భారమే. దీనికి తోడు తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలి కూడా లెక్కలోకి వస్తుంది. 1944–45 శీతాకాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి గర్భంలో ఉన్నవాళ్లను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, గ్లూకోజును సర్దుకునే శక్తి మిగతావాళ్ల కంటే తక్కువగా కనిపించింది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది 2014లో వచ్చిన ఒక అధ్యయనం. కాలిఫోర్నియాలో ఆసుపత్రి చేరికల లెక్కలు చూస్తే, షుగరు ప్రమాదకరంగా పడిపోయి చేరిన పేదల సంఖ్య నెల మొదటి వారం కంటే చివరి వారంలో 27 శాతం ఎక్కువగా ఉంది. డబ్బున్నవాళ్లలో ఆ తేడా లేదు. చేతిలో డబ్బు అయిపోతుంది, తిండి తగ్గుతుంది, మందు మాత్రం అదే డోసు. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకున్నాక భోజనం తప్పితే కళ్లు తిరుగుతాయి, పడిపోతారు, ఎముక విరగొచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మందు ఒక్కటే వాడితే ఆ భయం తక్కువే గానీ, ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు. పెద్దవాళ్లకు ఆ విటమిన్ ఒంటికి పట్టడమే కష్టం, పైగా ఇది. షుగరు పడిపోయే ముప్పు ఉంది కాబట్టే, పలు జబ్బులున్న పెద్దవాళ్లకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరును చూపే పరీక్ష) 8 శాతం లోపు ఉన్నా చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలు అంటున్నాయి. "నెలాఖర్లో ఏం తింటున్నారు?" అన్న ప్రశ్న ప్రిస్క్రిప్షన్ రాసే ముందే రావాలి.

వయసైపోయింది కదా, ఇంకేం మారుతుందిలే అనుకుంటే పొరపాటే. 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాంలో, షుగరు అంచున ఉన్నవాళ్లు వారానికి 150 నిమిషాల వ్యాయామంతో, కాస్త బరువు తగ్గడంతో జబ్బు వచ్చే అవకాశాన్ని 58 శాతం తగ్గించుకున్నారు. అరవై దాటినవాళ్లలో అది 71 శాతం! అందులో చేరినవాళ్లు అధిక బరువున్నవాళ్లు. బక్కచిక్కిన మనిషికి బరువు తగ్గించే సగం వర్తించదు, కదిలే సగం వర్తిస్తుంది. భోజనం చేశాక పావుగంట నడిచినా పెద్దవాళ్లలో షుగరు మెరుగుపడుతుందని ఒక చిన్న ప్రయోగంలో తేలింది. నడకకు ఖర్చు లేదు, చోటు కావాలి. బండ్లు దూసుకుపోయే ఇరుకు సందుల్లో, రాత్రి దీపాలు లేని చోట, పడితే లేవలేమన్న భయంతో ఎవరు నడుస్తారు? అలాంటివాళ్లు కదలని గట్టి కుర్చీలోంచి, పక్కన పట్టుకోవడానికి ఆసరా పెట్టుకుని, మెల్లగా లేచి కూర్చోవడం రోజూ కొన్నిసార్లు చేసినా తొడల కండరాలకు పని దొరుకుతుంది.