ఉమర్ ఒడంబడిక, జిజియా: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. 1679లో ఔరంగజేబు జిజియా (ముస్లిమేతరుల మీద వేసే తలపన్ను) మళ్లీ విధించిన పాఠం వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్ తీసి అదే మెసేజ్ చూపిస్తారు. ముస్లిమేతరులు చర్చి కట్టకూడదు, గుర్రానికి జీను వేయకూడదు, కత్తి పట్టకూడదు. 7వ శతాబ్దపు ఖలీఫా ఉమర్ పెట్టిన చట్టం ఇదట, ముస్లిం పాలన మొదటి రోజు నుంచి అన్ని చోట్లా ఇదే నడిచిందట.

నడవలేదు. మిగతా పొరపాట్లలో చాలావరకు ఇక్కడే పుడతాయి కాబట్టి దీని దగ్గరే కాసేపు ఆగుతాను. ఆ మెసేజ్‌లోని షరతుల పత్రాన్నే ఉమర్ ఒడంబడిక అంటారు. దాని ప్రతులు మనకు దొరికింది చాలా తర్వాతి గ్రంథాల్లో. ఒకదానికీ ఇంకోదానికీ తేడాలున్నాయి. పైగా ఓడిన క్రైస్తవులే తమ మీద ఆంక్షలు రాసుకుని ఖలీఫాకు పంపినట్టు ఉంటుంది. ఓడినవాళ్లు షరతులు పెట్టడం ఎక్కడైనా ఉందా? ఇది 8, 9 శతాబ్దాల్లో రూపుదిద్దుకుందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం.

తొలినాళ్లలో ఊరికో ఒప్పందం. ఈజిప్టులో 643 నాటి పపైరస్ రశీదు ఒకటి దొరికింది, గ్రీకులో, అరబ్బీలో. అరబ్బు సైన్యం తీసుకున్న 65 గొర్రెలకు అక్కడి క్రైస్తవ అధికారులకు ఇచ్చిన రశీదు అది. వాటిని పన్నులో జమ కట్టారు. డమాస్కస్‌లో ఉమయ్యద్ వంశపు ఖలీఫాల ఖజానా లెక్కలు చూసింది సర్జూన్ అనే క్రైస్తవుడు. జోర్డాన్‌లోని ఉమ్ అర్-రసాస్ చర్చిలో 8వ శతాబ్దంలో కూడా మొజాయిక్ నేల వేశారు.

ఇంత చెప్పగానే "అయితే అందరూ సమానమే" అంటారు ఇంకొందరు. అదీ నిజం కాదు. జిమ్మీ, అంటే ముస్లిం పాలనలో పన్ను కట్టి రక్షణ పొందే ముస్లిమేతరుడు. అతని ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు రక్షణ ఉండేది, సమాన హోదా ఉండేది కాదు. ముస్లిం మీద అతని సాక్ష్యం చెల్లదన్నారు ధర్మశాస్త్ర పండితులు. 850లో ఖలీఫా ముతవక్కిల్ జిమ్మీలు తేనెరంగు వస్త్రం వేసుకోవాలని ఆజ్ఞాపించాడు. పన్నులు భరించలేక తిరగబడ్డ ఈజిప్టు బష్మూర్ ప్రజలను 832లో ఖలీఫా మామూన్ సైన్యం దారుణంగా అణిచేసింది.

ఆ మధ్య క్లాసయ్యాక ఒక ముస్లిం అమ్మాయి ఆగింది. "సార్, ఆ మెసేజ్ మా గ్రూపులో పెట్టారు. నేనేం చెప్పాలి?" అంది. గొంతు వణుకుతోంది. పన్నెండు వందల ఏళ్ల కిందటి పన్నులకు ఈ పిల్ల సంజాయిషీ ఇవ్వాలా అని ఒళ్లు మండింది. "నువ్వు టెన్షన్ పడకమ్మా, జవాబు నేను చెబుతా" అన్నాను. మర్నాడు ఆ గొర్రెల రశీదు ఫోటో క్లాసంతా చూసింది.

మిగతా అపోహలు క్లుప్తంగా. మతం మారగానే పన్ను పోయేదా? శాస్త్రం ప్రకారం జిజియా పోవాలి. కానీ ఇరాక్ గవర్నరు హజ్జాజ్ కొత్త ముస్లింలను తిరిగి పల్లెలకు తోలి మరీ వసూలు చేశాడు. తర్వాత ఖలీఫా రెండో ఉమర్ (717-720) వచ్చి దాన్ని ఆపమన్నాడు. మతం మారకపోతే కత్తేనా? ఈజిప్టులో కనీసం రెండు శతాబ్దాల పాటు క్రైస్తవులే ఎక్కువ. అందరూ కట్టాలా? ఖలీఫా హారూన్ అల్-రషీద్ కోసం ధర్మశాస్త్ర పండితుడు అబూ యూసుఫ్ రాసిన గ్రంథంలో తాహతును బట్టి ఏటా 48, 24, 12 దిర్హములు. స్త్రీలకు, పిల్లలకు లేదు. హిందువులకు ఈ రక్షణే లేదా? 712 నాటి అరబ్బుల సింధు విజయం గురించి చెప్పే చచ్‌నామా అనే గ్రంథం ప్రకారం, బ్రాహ్మణాబాదు ప్రజలు పన్ను కట్టి తమ ఆలయాలు నిలుపుకున్నారు, వసూలు పని బ్రాహ్మణుల చేతికే వచ్చింది.