గుత్తి కోట ఎక్కేవాళ్లకు: ఎండ మీద అపోహలు, వాస్తవాలు

అనంతపురం జిల్లాలో కొండ మీదున్న గుత్తి కోటకు జనాన్ని తీసుకెళ్లడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువ మంది పాములుంటాయా, ఎలుగుబంట్లు వస్తాయా అని అడుగుతారు. ఎండ సంగతి ఎవరూ అడగరు. పొద్దున ఆరింటికల్లా కొండ కింద ఉండాలని నేనంటే, ‘ఏం కాదులేన్నా, ఈడ పుట్టి పెరిగినోళ్లం, ఎండ మాకు కొత్తా?’ అంటారు. ప్రాణం మీదికి తెచ్చేది ఈ మాటే.

అపోహ: అనంతపురం వాళ్లకు ఎండ అలవాటే.

వాస్తవం: ఆ అలవాటు పుట్టిన ఊరిని బట్టి రాదు. ఒకటి రెండు వారాలు ఎండలో ఒళ్లు వంచి పనిచేస్తేనే శరీరం వేడికి కుదురుకుంటుంది. మళ్లీ ఏసీలో కూర్చుంటే కొన్ని వారాల్లోనే అది పోతుంది. చేన్లో చెనక్కాయ పీకే తల్లికి ఉన్న ఓర్పు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చిన కొడుక్కి ఉండదు. ఆ తల్లి కూడా మిట్టమధ్యాహ్నం చెట్టు కిందికి చేరుతుంది. కొండ మీద అంత నీడ ఎక్కడుంది? పైనుంచి ఎండ, కాళ్ల కింద నుంచి బండ సెగ. ‘అయితే సాయంత్రం నాలుగింటికి ఎక్కుదాం’ అంటారు. వేసవిలో ఆ వేళకు కూడా బండ పగలంతా తాగిన వేడిని వదులుతూనే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు రండి. అప్పుడు కూడా తెల్లవారుజామునే బయల్దేరండి.

అపోహ: చెమట పడుతోందంటే వడదెబ్బ కాదు.

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎండలో కష్టపడి ఎక్కేటప్పుడు తగిలే వడదెబ్బలో ఒళ్లంతా చెమటతో తడిసే ఉండొచ్చు. చూడాల్సింది చెమట కాదు, మాట. ఒకసారి తాడిపత్రి వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు టిఫిన్ చేసి, ఎండెక్కాక బయల్దేరారు. సగం దూరంలో చిన్నవాడు ‘బండి యాడ పెట్టినాం?’ అని అడిగాడు. చెప్పాం. కాసేపటికి మళ్లీ అదే అడిగాడు, నడక తూలింది. అన్నలు నవ్వుతున్నారు, నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. వాడి చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. దగ్గర్లోని కోట వాకిలి నీడలో పడుకోబెట్టి, ఉన్న సీసాలన్నీ వాడి తల మీద, ఒంటి మీద పోసి తువ్వాలుతో విసిరాం. ‘తాగేదానికి నీళ్లుండవన్నా’ అని పెద్దవాడు అడ్డం వచ్చాడు. ఆ క్షణంలో నీళ్లు వాడి ఒంటికే కావాలి. వాడు తెలివిగా మాట్లాడేదాకా విసురుతూనే ఉన్నాం. ఈలోపు 108కి ఫోన్ చేశాం, కింద అంబులెన్సు వచ్చి నిలబడింది.

మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా ముందు చల్లబరచండి, తర్వాతే మోసుకెళ్లండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. మా అవ్వ కూడా పెట్టేది, ఆ ప్రేమ నాకు తెలుసు. కానీ ఉల్లిపాయ ఉందన్న ధైర్యంతో పదింటికి బయల్దేరేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

కోటలో బావులున్నాయి కదా, నీళ్లెందుకు మోయాలి అని కొందరు. ఆ నీళ్లు తాగొద్దు. 1776లో హైదర్ అలీ ముట్టడిస్తే, అంత గట్టి కోటలో ఉన్న మరాఠా సర్దారు మురారి రావు లొంగిపోవడానికి పెద్ద కారణం లోపల నీళ్లు అయిపోవడమే. మీ నీళ్లు మీరే తెచ్చుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో పూర్తిగా కలపండి, గ్లాసుడు నీళ్లలో సగం ప్యాకెట్ వేసుకోవద్దు. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, మధ్యమధ్య ఉప్పేసిన మజ్జిగ తాగండి.

నా వల్ల అందరికీ ఆలస్యమవుతుందేమో అని టెన్షన్ పడే అక్కలు, పెద్దవాళ్లు చాలామంది ఫోన్ చేస్తారు. మెల్లగా నడవడం తప్పు కాదమ్మా. గుంపు నడక వెనకున్నవాళ్లను బట్టే ఉండాలి, నేనైతే అలాగే నడిపిస్తాను. మధ్య వాకిలి దగ్గరే ఆగిపోయినా కోట చూసినట్టే.

మిగతావి త్వరగా చెప్తాను. దిగడం తేలికనుకోకండి, అరిగిన మెట్ల మీద కాలు జారేది దిగేటప్పుడే. తేనెపట్టు కనిపిస్తే సిగరెట్టు వద్దు, రాళ్లు అసలే వద్దు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన థామస్ మన్రో సమాధి ఇక్కడే ఉందంటారు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ఆయన్ను మొదట గుత్తిలోనే పాతిపెట్టారు, తర్వాత 1831లో మద్రాసుకు తరలించారు. గుప్తనిధుల కోసం గునపాలతో వచ్చేవాళ్లకు ఒకటే మాట: ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట, తవ్వితే కేసు పెడతారు.